మేడం చెప్పిన స్నానం

లక్ష్ముడు వరసగా నాలుగో రోజు కూడా శుభ్రంగా స్నానం చేసి, తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని పనిలోంచి ఇంటికి వచ్చాడు. వాకిట్లో చేపల తట్ట కడుగుతున్న కూర్మమ్మ చేతులు ఆపి, మొగుణ్ణి తల నుంచి కాళ్ళ దాకా చూసింది. దగ్గరికి వచ్చేసరికి సబ్బు వాసన. వాళ్ళింట్లో వాడే సబ్బు కాదు.

ఇళ్ళకి రంగులు వేసే పని అతనిది. అన్నదమ్ములంతా కళింగపట్నం దగ్గర చేపల వేటకి వెళ్ళేవాళ్ళే అయినా, లక్ష్ముడికి పడవెక్కితే చాలు కడుపులో తిప్పేది. అందుకే శ్రీకాకుళం వచ్చి బ్రష్షు పట్టాడు. అతనికి మేనత్త కూతురైన కూర్మమ్మ మాత్రం పుట్టింటి పని వదల్లేదు. పొద్దున్నే ఆటోలో వచ్చిన చేపలు తట్టకెత్తుకుని వీధులు తిరిగి అమ్ముతుంది.

పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో అతను పని నుంచి వచ్చే తీరు ఒక్కటే. కనుబొమలకీ చెవులకీ మెడ మడతలకీ పట్టిన పొడి. గీకిన పాత రంగు పొడి, ఎమరీ కాగితంతో రుద్దిన పొడి. "తానం సేసి పిల్లని ముట్టుకో బావా" అని ఆమె ఎన్ని వందల సార్లు మొత్తుకుందో లెక్కలేదు. ఒక్కనాడు వినలేదు. అలాగే మంచం మీద కూలబడి, అలాగే అన్నం తినేవాడు. కూతురు హేమ నడక నేర్చిన నాటి నుంచీ తండ్రీ కూతుళ్ళకి దాంతోనే ఆట. ఆ పిల్ల అరచేత్తో అతని చొక్కా మీద కొట్టేది. తెల్లగా పొడి లేచేది. "పొగ, పొగ" అని ఇద్దరూ పడీ పడీ నవ్వేవారు. హేమకిప్పుడు ఏడేళ్ళు వచ్చినా ఆ ఆట మానలేదు.

అలాంటి మనిషి నాలుగు రోజులుగా పెళ్ళికొడుకులా వస్తున్నాడు.

"ఏటి బావా, తానం ఎక్కడ సేసొచ్చినావు?"

"పనికాడే. మేడం సెప్పినారు."

"ఏ మేడం?"

"మెర్సీ మేడం. కాలేజీలో కెమిస్ట్రీ సెప్తారు. ఆల తాతల నాటి ఇల్లు కదా, తలుపులకీ కిటికీలకీ ఏసిన పాత రంగులో సీసం ఉన్నాదట. గీకితే లేసే పొడి ఉన్నాది సూడు, అది విసం. గుడ్డల మీద ఇంటికి మోసుకుపోకూడదట. పిల్లలున్న ఇంటికైతే అసలు కూడదట."

"పద్నాలుగేళ్ళ బట్టి నాను సెప్తే ఇన్నావా?"

లక్ష్ముడు చెప్పులు విడుస్తూ, "నువ్వు మురికని సెప్పినావు. ఆవిడ విసమని సెప్పినారు" అన్నాడు.

ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ కూర్మమ్మ చెవికి అందులో ఒక్క ముక్కే తగిలింది. తను "సెప్పినావు". ఆవిడ "సెప్పినారు".

ఆ రోజు నుంచి ఇంట్లో ఆ మేడం లేకుండా ముద్ద దిగలేదు. అన్నం ముందు కూర్చోగానే లక్ష్ముడు మొదలుపెట్టేవాడు. గదిలో సామానంతా బయట పెట్టించారట. నేల నిండా మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి అంచులకి టేపు అంటించారట. గుమ్మానికి కూడా ప్లాస్టిక్ తెర. ముందు తుంపర సీసాతో రంగు మీద నీళ్ళు కొట్టి, తడిసిన చోటే గీకాలట. ఆరితే మళ్ళీ నీళ్ళు. మంట పెట్టి కాల్చకూడదు, పొడి ఎమరీ రుద్దకూడదు, చీపురు ముట్టుకోకూడదు. రాలిన పెచ్చులన్నీ తడిపి, సంచిలో పోసి, ఆ సంచిని ఇంకో సంచిలో పెట్టి మూతి కట్టాలి. ముక్కుకి రెండు పక్కలా గుండ్రటి డబ్బాలున్న మాస్కు మేడమే తెప్పించారట.

"ఒక్క తలుపుకి మూడు రోజులు పట్టినాది తెలుసా?" అన్నాడు గొప్పగా.

"మూడు రోజులు! ఊరంతా ఒక్క పూటలో కాల్సి పడేస్తారు."

"అందుకే ఊరోల్లని ఒద్దని నన్ను ఎట్టుకున్నారు."

బీడీ కూడా తగ్గించాడు. పని చేసే చోట నోట్లో ఏదీ పెట్టకూడదని మేడం చెప్పారట. ఆ బీడీ మాన్పించాలని కూర్మమ్మ శ్రీకూర్మంలో మొక్కు కూడా మొక్కుకుంది. దేవుడి వల్ల కాని పని మేడం వల్ల అయింది.

ఒకనాడు దండెం మీద చూస్తే అతని నీలం గళ్ళ చొక్కా లేదు. పని లుంగీ లేదు.

"అక్కడే ఉంచేస్తన్నాను. అక్కడే బకెట్లో ఉతుక్కుంటన్నాను."

"ఆవిడికి మొగుడు లేడా?"

"ఉన్నారు. రైల్వేలో పని. ఖుర్దా రోడ్డు నుంచి ఆదోరం ఆదోరం వస్తారు."

"పిల్లలు?"

"ఒక్కడే బాబు. రెండేళ్ళు దాటినాయి. పనయినంత వరకూ బొబ్బిల్లో అమ్మమ్మ కాడ ఎట్టినారు."

మొగుడు ఖుర్దా రోడ్డులో, పిల్లాడు బొబ్బిల్లో. ఇంట్లో ఉన్నది ఆవిడా, స్నానం చేసి తల దువ్వుకునే తన మొగుడూ.

మర్నాడు ఆమె రోజూ తిరిగే వీధులు వదిలేసి, బాప్టిస్టు చర్చి వెనక సందులోకి తట్టతో వెళ్ళింది. చాలా కాలం కిందట మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసిన పెద్దాయన కట్టిన పెంకుటిల్లు మేడంది. ముందు వరండా, ఎత్తైన కిటికీలు. సగం కిటికీలకి పాచిపట్టినట్టున్న ఆకుపచ్చ రంగు. మిగతా సగం గీకేసి, లోపలి టేకు చెక్క తేనె రంగులో మెరుస్తోంది. ఆ చెక్కని చూడగానే అది తన మొగుడి చేతి పని అని ఆమెకి తెలిసిపోయింది. అంత నున్నగా తన ఇంటి తలుపు ఏనాడూ లేదు.

"వంజరం, కవళ్ళూ!" అని కేకేసింది.

పొందూరు ఖద్దరు చీర కట్టుకుని, కళ్ళజోడు పెట్టుకున్న ముప్పై ఏళ్ళావిడ బయటికి వచ్చింది. కూర్మమ్మ వరండా మెట్టు మీద కాలు పెట్టబోయింది.

"ఎక్కకండమ్మా, అక్కడే ఉండండి. లోపల పని జరుగుతోంది. నేనే వస్తాను" అంది మెర్సీ.

తన మొగుడు స్నానాలు చేసే ఇంట్లో తనకి మెట్టు కూడా ఎక్కే వీల్లేదు. కూర్మమ్మ పళ్ళు బిగబట్టి కిందే తట్ట దించింది. వంజరం ధర కావాలనే ఎక్కువ చేసి చెప్పింది. ఆవిడ బేరమాడలేదు. అదీ కోపమే తెప్పించింది.

"ఎవలో పని సేస్తన్నట్టున్నాడు లోపల?"

"లక్ష్ముడు గారని, పెయింటరు. ఎంతమందిని అడిగానో! అందరూ మంట పెట్టి ఒక్క రోజులో లేపేస్తామన్నవాళ్ళే. నేను చెప్పింది కూర్చుని విన్నది ఈయనొక్కరే. చాలా ఓపికైన మనిషమ్మా."

లక్ష్ముడు గారు. పుట్టిన నాటి నుంచి ఆ పేరు వెనక గారు అన్నవాళ్ళు లేరు. ప్లాస్టిక్ తెర వెనక ఒక నీడ వంగి, లేచి, మళ్ళీ వంగుతోంది. ఆ ఓపికలో పదో వంతు కూడా తను చూడలేదు. ఇంట్లో ఒక మేకు కొట్టమంటే ఆర్నెల్లు పట్టే మనిషి.

మెర్సీ గిన్నె తేవడానికి పక్క దారిన వంటింట్లోకి వెళ్ళింది. కూర్మమ్మ కళ్ళు పెరడు వైపు తిరిగాయి. అక్కడ దండెం మీద నీలం గళ్ళ చొక్కా ఆరుతోంది. దాని పక్కనే ఆవిడ చీర. గాలి వీచినప్పుడల్లా చొక్కా చెయ్యి వెళ్ళి చీర అంచుని తాకుతోంది. కొళాయి పక్కన మూతి కట్టిన నల్ల కవరు. చినిగిన చోట అతని పని లుంగీ కనిపిస్తోంది.

నా మొగుడి గుడ్డలు ఉతకడానికి నా ఇంట్లో నీళ్ళు లేవా అనుకుంది కూర్మమ్మ. గబగబా వెళ్ళి ఆ కవరు తీసి తట్టలో గోనె కింద పెట్టేసింది. మెర్సీ గిన్నెతో వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు చేప ముక్కలు కోస్తోంది.

ఇంటికి వచ్చి, గుమ్మం ముందు బండ దగ్గర కవరు విప్పింది. లుంగీ ఒకటి, పాత చొక్కా ఒకటి. ఎండిపోయి అట్ట కట్టినట్టున్నాయి. రెండు చేతులతో పట్టుకుని గట్టిగా దులిపింది. తెల్లగా పొడి లేచింది. బడి నుంచి అప్పుడే వచ్చిన హేమ పరుగెత్తుకొచ్చింది.

"పొగ! అమ్మా, పొగ!" అని ఎగిరెగిరి ఆ గుడ్డల్ని కొట్టింది. చాలా రోజులుగా నాన్న చొక్కాలోంచి పొగ రావడం లేదని బెంగగా ఉన్న పిల్ల. కూర్మమ్మ కూడా నవ్వి ఇంకో రెండు సార్లు దులిపింది. తర్వాత హేమ బడి గౌనుతో కలిపి ఒకే బకెట్లో నానబెట్టి, బండ మీద బాది, తన దండెం మీద ఆరేసింది. ఆరేసి కాసేపు అలా నిలబడి చూసుకుంది. మనసు చల్లబడింది.

సాయంత్రం లక్ష్ముడు వచ్చి దండెం చూశాడు.

"ఇవి ఇక్కడికి ఎలగొచ్చినాయి?"

"నా మొగుడి గుడ్డలు నా ఇంటికొచ్చినాయి. నీ మేడం ఎతుక్కుంటన్నాదేటి?"

"నువ్వు దులిపినావా?"

"దులిపినాను. ఐతే ఏటి?"

"పిల్లేది?"

హేమ లోపలి నుంచి వచ్చి, "నాన్నా, నాను పొగాట ఆడినాను" అంది.

కేకలేస్తాడనుకుని కూర్మమ్మ నడుం బిగించి నిలబడింది. అతను కేకలెయ్యలేదు. కూతుర్ని రెక్క పట్టుకుని కొళాయి దగ్గరికి తీసుకుపోయి, సబ్బుతో చేతులు, మొహం, జుట్టు, గోళ్ళ సందులు కడిగాడు. కడిగినవే మళ్ళీ కడిగాడు. వాకిలంతా బకెట్లతో నీళ్ళు కుమ్మరించాడు. బండ కడిగాడు. తర్వాత తడిసిన గుడ్డలతోనే మెట్టు మీద చతికిలబడిపోయాడు.

"మేడం బాబు కిటికీ కాడ రాలిన పెచ్చులు తినీసినాడు కూరమ్మా. ఒంట్లో నెత్తురు లేక తెల్లగా పాలిపోతే విశాకపట్నంలో పెద్ద డాక్టరు రక్తం పరీచ్చ సేయించినాడు. రక్తంలో సీసం ఉన్నాదని తేలింది. రెండేళ్ళు దాటినా ఆ గుంటడికి మాట రాలేదు."

"దానికి మనవేటి సేస్తాం?"

"మన హేమకి కడుపునొప్పి ఎన్నాళ్ళ బట్టి?"

రెండేళ్ళుగా ఆ పిల్ల కడుపు పట్టుకుని ముడుచుకుని పడుకుంటోంది. నులిపురుగులని మందు వేసింది, దిష్టి అని ఉప్పు తిప్పింది. నేర్పిన అక్షరాలు మర్నాటికి మర్చిపోతోందని పంతులమ్మ రెండు సార్లు పిలిపించి చెప్పింది.

"మేడంకి సెప్పినాను. ఎంటనే పరీచ్చ సేయించమన్నారు. శనోరం రక్తం తీస్తారు."

అంతవరకూ భయంగా వింటున్న కూర్మమ్మకి అక్కడ గుండెలో సూది దిగినట్టయింది. దండెం మీద చొక్కా, సబ్బు వాసన, గారు అన్న పిలుపు, అవన్నీ దీని ముందు ఏ మూల?

"నా కూతురి కడుపునొప్పి ముందు ఆవిడికి సెప్పినావా? నాకు సెప్పకుండా?"

"నీకు ఎలగ సెప్పమంటావే?" లక్ష్ముడు తన అరచేతులు చూసుకున్నాడు. "నా సేతుల్తో నా పిల్లకి విసం ఎట్టినానని కన్నతల్లికి ఎలగ సెప్పమంటావు? ఆవిడైతే బయట మనిషి. సెప్పీగలిగినాను."

శనివారం లక్ష్ముణ్ణి రావద్దంది కూర్మమ్మ. హేమని తనే తీసుకుని ల్యాబుకి వెళ్ళింది. మెట్ల దగ్గర మెర్సీ నిలబడి ఉంది. చూడగానే గుర్తుపట్టింది.

"మీరు... వంజరం ఇచ్చారు కదూ?"

"ఇచ్చినాను. లక్ష్ముడి పెళ్ళాన్ని. ఆ నల్ల కవరు కూడా నానే పట్టుకుపోనాను."

గొడవకి సిద్ధపడే వచ్చింది కూర్మమ్మ. ఆవిడ ఏదో ఒకటి అనాలి, దానికి తను జవాబు చెప్పాలి, నాలుగు రోజులుగా కూడబెట్టుకున్న మాటలన్నీ బయట పడాలి. మెర్సీ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. ఎందుకు తీసుకెళ్ళిందో అర్థమైనట్టే ఉంది. కానీ అది అడగలేదు.

"ఎక్కడ దులిపారు? ఇంట్లోనా, బయటా?"

"బయట. గుమ్మం ముందు."

"చీపురుతో ఊడవలేదు కదా? తడి గుడ్డతో తుడవండి. ముందు సబ్బు నీళ్ళు, తర్వాత మంచినీళ్ళు. ఆ గుడ్డ పారెయ్యండి. పాప కూర్చునే చోటు, పడుకునే చోటు, కిటికీ గట్టు, అన్నీ. చాప పాతదైతే తీసెయ్యండి."

కూర్మమ్మ కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ పనికి రాలేదు. లోపల సూది చూసి హేమ బిక్కచచ్చిపోతే మెర్సీ పక్కన కూర్చుని, చీమ కుట్టినంత సేపే అని చెబుతూ చెయ్యి పట్టుకుంది. హేమ ఆ చేతిని గట్టిగా పట్టేసింది. కూర్మమ్మ చూసింది, చూసి, ఏమీ అనకుండా కూతుర్ని ఎత్తి తన ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆ వేళ్ళు విడదీసి తన చేతిలో పెట్టుకుంది. రక్తం నమూనా విశాఖపట్నం వెళ్ళి ఫలితం రావడానికి వారం పడుతుందన్నారు.

హేమ రక్తంలో సీసం లెక్క పదిహేడు వచ్చింది. అయిదు కూడా ఉండకూడదట. మెర్సీ కొడుక్కి మొదట ఇరవై ఒకటి వచ్చిందని లక్ష్ముడు చెప్పినప్పుడు, అయితే నా పిల్లే నయం అని కూర్మమ్మ లోలోపల ఒక్క క్షణం సంతోషపడింది. ఆ వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది. ఎవరితోనూ చెప్పలేదు. పరీక్ష చేయించుకుంటే లక్ష్ముడికి ముప్పై పైనే ఉంది.

ఈ మోతాదుకి ఇంజెక్షన్లూ అవీ అక్కర్లేదన్నాడు డాక్టరు. ఇంట్లోకి పొడి రాకుండా ఆపడమే మందు. నెత్తురు పట్టడానికి సిరప్పు రాసిచ్చి, ఖాళీ కడుపుతో ఉంచొద్దని, పాలు, గుడ్లు, ఆకుకూరలు, జామకాయలు పెట్టమని, మూడు నెలలకి మళ్ళీ చూపించమని చెప్పాడు.

కూర్మమ్మ ఇల్లు తిరగేసింది. అతను కూలబడే నులక మంచం బయట పడేసింది. చాప పోయింది, బొంత పోయింది. నాలుగు రోజులు మోకాళ్ళ మీద కూర్చుని తడిగుడ్డతో గోడ మూలలు కూడా వదలకుండా తుడిచింది. పని డబ్బాలూ బ్రష్షులూ గడప లోపలికి రాకూడదంది. కాలనీలో రంగుల పని వాళ్ళవి ఇంకో ఆరు ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళకి కూడా వెళ్ళి, "మీ మొగుళ్ళు తానం సెయ్యకుండా పిల్లల్ని ఎత్తుకుంటే సేతులు ఇరగ్గొట్టండి" అని చెప్పొచ్చింది. విషమని చెప్పింది. మురికి అన్న మాట ఎక్కడా వాడలేదు.

మెర్సీ ఇంటి పని పూర్తయి, నేలా గోడలూ రెండు సార్లు తడిగా తుడిచి, సీసం లేదని డబ్బా మీద రాసి ఉన్న కొత్త రంగు వేశాక, బాబు బొబ్బిలి నుంచి వచ్చాడు.

మూడు నెలల తర్వాత రెండో పరీక్ష కాగితాలు తీసుకోవడానికి ఇద్దరు తల్లులూ మళ్ళీ ల్యాబులో కలిశారు. కూర్మమ్మ కాగితం మెర్సీ చేతికిచ్చి చదివించుకుంది.

"పద్నాలుగు. తగ్గిందమ్మా."

"మీ బాబుకి ఎంతొచ్చినాది?"

మెర్సీ తన కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటూ తటపటాయించింది. "తొమ్మిది."

ఇరవై ఒకటి నుంచి తొమ్మిది. పదిహేడు నుంచి పద్నాలుగు. కూర్మమ్మకి చదువు రాదు గానీ ఇంత లెక్క తెలుసు.

"పాపకి ఏడేళ్ళుగా పట్టింది కదా, ఎముకల్లోకి వెళ్ళిపోయి ఉంటుంది. నెమ్మదిగా దిగుతుంది. మావాడు పెచ్చులు తిన్నది ఆర్నెల్లే" అంది మెర్సీ.

"నాకు కుళ్ళొస్తన్నాది మేడం" అంది కూర్మమ్మ, ఆవిడ మొహంలోకి సూటిగా చూసి. "దాసుకోను. మొదట మా బావ గురించి కుళ్ళినాను. ఇప్పుడు అది కాదు. మీకు ఆరు నెలలకే తెలిసినాది. నాకు ఏడేళ్ళు ఎవలు సెప్పినారు? ఎవలూ సెప్పనేదు."

మెర్సీ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. ఎదురు బల్ల మీద హేమ ఆ బాబుని పక్కన కూర్చోబెట్టుకుని, గోడ మీద రాసిన అక్షరాలు వేలితో చూపిస్తూ చదువుతోంది. "చె... ప్పు... లు. చెప్పులు. బ... య... ట." బాబు గోడ వైపు చూడటం లేదు. ఆ పిల్ల పెదాలు ఎలా కదులుతున్నాయో చూస్తున్నాడు.

"మీ పాప చదువుతుంటే నాకూ ఆ కుళ్ళే వస్తోంది" అంది మెర్సీ మెల్లగా. "వీడు నన్నింకా అమ్మా అని పిలవలేదు."

కూర్మమ్మ ఆ బాబుని చాలాసేపు చూసింది. ఓదారిస్తే అది అబద్ధం అవుతుందేమోనని భయపడింది.

"ఆదోరం నెత్తళ్ళు తెస్తాను. సన్న సేపలు, ముళ్ళతో పాటు నమిలీవొచ్చు. ఇద్దరికీ బలం" అంది చివరికి. "బాబుకి ముక్క మెత్తగా నలిపి ఎట్టండి, గొంతుకి అడ్డం పడకుండా."

మెర్సీ తలూపింది. కిటికీ అవతల నుంచి పేర్లు పిలిచారు. వచ్చే పరీక్షకి తారీకు రాయించుకోవడానికి ఇద్దరూ లేచారు. కూర్మమ్మ ఒక అడుగు ముందేసి, వరసలో మెర్సీ కన్నా ముందు నిలబడింది.